వేడెక్కాక స్లోలో ఆగిపోయే కారు: అసలు తప్పు ఎక్కడుంటుంది?

పొద్దున్న సాలూరులో ఒక్క సెల్ఫ్‌కే అందుకున్న కారు, సుంకి ఘాట్ ఎక్కి చెక్‌గేటు దగ్గర లారీల వెనకాల నిలబడగానే ఆగిపోతుంది. మళ్లీ సెల్ఫ్ కొడితే మామూలుగా స్టార్టవుతుంది. పొట్టంగి దాటి సెమిలిగుడ బజారులో నెమ్మదించగానే మళ్లీ అదే తంతు. రోడ్డు మీద 60, 70లో పోతున్నంతసేపూ ఏ లోటూ కనబడదు.

ఒడిశాలోని కొరాపుట్, జయపురం, రాయగడ వైపు మన తెలుగువాళ్ల మధ్య ఈ మాట ఎత్తితే నాలుగు తీర్పులు వెంటనే వచ్చేస్తాయి. కొత్త పెట్రోలు మహిమ అంటాడొకడు. కొండ మీద గాలి పల్చన అంటాడింకొకడు. కార్బన్ పట్టిందని ఒక మేస్త్రీ, సెన్సార్ పోయిందని ఇంకో మేస్త్రీ. నాలుగింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఏ తీర్పూ ఆ కారు ఎలా ఆగిందో అడిగి చెప్పింది కాదు. ఈ రోగంలో సగం జవాబు అక్కడే ఉంటుంది.

## ముందు పక్కన పెట్టాల్సిన రెండు సంగతులు

ఇక్కడ వేడెక్కడం అంటే ఇంజిన్ తన మామూలు వేడికి రావడం. కూలెంట్ 85 నుంచి 95 డిగ్రీల దాకా ఉంటుంది, మీటరు ముల్లు మధ్యలో నిలబడుతుంది. ముల్లు అది దాటి ఎర్రగీత వైపు పోతుంటే అది వేరే జబ్బు. రేడియేటరు, ఫ్యాను, థర్మోస్టాట్, వాటర్ పంపు సంగతి చూడాలి. ఈ వ్యాసం దాని గురించి కాదు.

రెండోది కాస్త నవ్వొచ్చే సంగతి. ఇప్పటి చాలా కార్లలో సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ దానంతటదే ఆగి, క్లచ్ తొక్కగానే తిరిగి స్టార్టయ్యే ఏర్పాటు ఉంటుంది. అది ఇంజిన్ వేడెక్కాకే, బ్యాటరీ బాగుంటేనే పనిచేస్తుంది. అంటే లక్షణాలు అచ్చం మన రోగానివే. డ్యాష్‌బోర్డులో దానికో గుర్తు వెలుగుతుంది, ఆపేయడానికి ఒక బటన్ ఉంటుంది. కొత్త కారు కొన్నవాళ్లు ఒకసారి అది చూసుకుని గ్యారేజీకి బయల్దేరితే మంచిది.

## స్లోలో ఇంజిన్ ఎందుకంత బలహీనం

స్లో అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతుండడం. కాలు తీసేస్తే గాలి వెళ్లే దారిలో ఉన్న రేకు, అంటే త్రాటిల్ ప్లేటు, దాదాపు మూసుకుపోతుంది. ఇంజిన్ నిమిషానికి 700 నుంచి 900 చుట్లు తిరుగుతూ, తన రాపిడిని తాను భరించడానికి సరిపడా మాత్రమే బలం పుట్టిస్తుంది. చేతిలో మిగులు ఏమీ ఉండదు. ఏసీ కంప్రెసర్ పట్టుకుంటే ఒకటి రెండు కిలోవాట్ల బరువు ఒక్కసారిగా మీద పడుతుంది. స్టీరింగ్ తిప్పినా, హెడ్‌లైట్లు వేసినా ఇంకొంత.

ఇంత సన్నటి సంపాదనతో నడిచే సంసారాన్ని ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటరు, క్షణక్షణం సర్దుతూ ఉంటుంది. పాత కేబుల్ బండ్లలో పక్క దారిన కొంచెం గాలి వదిలే చిన్న వాల్వు ఉంటుంది, దాన్ని ఐఏసీ అంటారు. కొత్తవాటిలో మోటారు తిప్పే త్రాటిల్ ప్లేటునే ఈసీయూ ఓ వెంట్రుకవాసి తెరిచి ఉంచుతుంది. 60లో పోతున్నప్పుడు గాలి ధారాళంగా వస్తుంది కాబట్టి చిన్న అడ్డంకి తెలియదు. స్లోలో ఆ వెంట్రుకవాసి సందే సర్వస్వం. రోడ్డు మీద బాగుండి గేటు దగ్గర ఆగిపోవడానికి మూలం ఇదే.

## చల్లగా ఉన్నప్పుడు లేని తప్పు వేడెక్కాక ఎక్కడి నుంచి వచ్చింది

చాలాసార్లు ఎక్కడి నుంచీ రాలేదు, పొద్దున్న కూడా ఉంది. చల్లటి ఇంజిన్‌కి ఈసీయూ ఎక్కువ పెట్రోలు పోస్తుంది, చుట్లు 1200 పైన ఉంచుతుంది, గాలి కూడా ఎక్కువ ఇస్తుంది. ఆ వరాల చాటున చిన్నాచితకా లోపాలన్నీ దాక్కుంటాయి. వేడెక్కగానే వరాలు తీసేస్తుంది. మిశ్రమం ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి దగ్గరికి వస్తుంది, చుట్లు 750కి దిగుతాయి. దాక్కున్నది అప్పుడు బయటపడుతుంది. త్రాటిల్ అంచున పట్టిన కార్బన్, పొగచూరిన ప్లగ్గులు, సన్నటి గాలి లీకు ఈ కోవలోవి.

ఇంకొన్ని భాగాలు వేడెక్కాకే డ్యూటీ ఎక్కుతాయి. పెట్రోల్ ట్యాంకు ఆవిర్లను పట్టి ఉంచే బొగ్గు డబ్బా నుంచి వాటిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు ఒకటి. కాలిన పొగలో కొంత తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ వాల్వు ఇంకొకటి. స్లోలో ఈజీఆర్ మూసుకుని ఉండాలి. కార్బన్ పెచ్చు ఒకటి అడ్డం పడి కొంచెం తెరుచుకుని ఉండిపోతే, స్వచ్ఛమైన గాలి అందాల్సిన చోట పొగ చేరి ఇంజిన్ దగ్గి ఆగిపోతుంది. పర్జ్ వాల్వు మూసుకోకపోతే ట్యాంకు నిండుగా కొట్టించిన రోజున, ఎండలో, గొడవ ఎక్కువగా కనబడుతుంది. బంకు నుంచి బయటికొచ్చాక ఆగింది కాబట్టి అందరూ పెట్రోలునే తిడతారు.

మూడోరకం, వేడికే చెడిపోయేవి. ఇంజిన్ తిరుగుడుని ఈసీయూకి చెప్పే క్రాంక్ సెన్సార్ లోపలి సన్నటి తీగ, స్పార్కు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్, ఫ్యూయల్ పంపు మోటారు, రిలేలో టంకం. చల్లగా ఉన్నప్పుడు అతుక్కుని ఉన్న పగులు వేడికి విచ్చుకుంటుంది, చల్లారాక మళ్లీ కలుస్తుంది. వాల్వులను తెరిచే ట్యాపెట్ల సందు కూడా ఈ జాబితాలోదే. సందు మరీ తక్కువగా సెట్ చేసి ఉంటే, వేడికి వాల్వు సాగి పూర్తిగా మూసుకోదు, స్లోలో కంప్రెషన్ పోతుంది. గ్యాస్ కిట్ వేసుకున్న పాత బండ్లలో ఇది తరచు చూసేదే.

## ఎలా ఆగింది, మళ్లీ ఎలా అందుకుంది

మేస్త్రీ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. అడక్కపోయినా మనం చెప్పాల్సింది కూడా ఇదే. స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగితే కరెంటు వైపు అనుమానం పోవాలి. వణికి, దగ్గి, మెల్లగా ఆగితే గాలి, పెట్రోలు, మిస్సింగ్ (ఏదో సిలిండరులో మంట అంటుకోకపోవడం) వైపు. బ్రేకు వేసి నెమ్మదిస్తుండగా చుట్లు కిందికి జారి, నిలదొక్కుకోలేక ఆగితే త్రాటిల్, ఐఏసీల వైపు. వెంటనే స్టార్టయిందా, యాక్సిలరేటర్ తొక్కితేనే అందుకుందా, అరగంట చల్లారితే గానీ కదల్లేదా అన్నది రెండో సగం.

మొదట్లో చెప్పిన కారునే తీసుకుందాం. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్, 70 వేల కిలోమీటర్లు తిరిగింది. కాలు తీసి గేటు దగ్గరికి వస్తుంటే చుట్ల ముల్లు 800 దాటి 500కి పడి, ఆగిపోతుంది. ఏసీ కట్టేస్తే ఆగదు. ఆగినా ఒక్క సెల్ఫ్‌కే వస్తుంది. వెంటనే రావడం వల్ల క్రాంక్ సెన్సార్, పంపు వెనక్కి జరిగాయి. ఏసీతో ముడిపడడం వల్ల మిగులు గాలి ఇచ్చే దారి ముందుకొచ్చింది. గాలి గొట్టం ఊడదీసి టార్చి వేస్తే ప్లేటు అంచు చుట్టూ నల్లటి జిగురు ఉంగరంలా పేరుకుని కనబడుతుంది. గోటితో గీరితే ఊడి వస్తుంది. అసలు సందే వెంట్రుకవాసి అయినప్పుడు ఆ ఉంగరం దాన్ని ఎంతగా మింగేస్తుందో చెప్పక్కర్లేదు.

ఇక్కడో మెలిక ఉంది. మురికి పేరుకునే కొద్దీ ఈసీయూ ప్లేటును ఇంకాస్త తెరిచి ఆ లెక్క గుర్తుపెట్టుకుంటుంది. అందుకే నెలల తరబడి ఏమీ తెలియదు. ఒకరోజు బ్యాటరీ మారుస్తారు, చాలా మోడళ్లలో ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది, మర్నాటి నుంచి కారు ప్రతి గేటు దగ్గరా ఆగుతుంది. కొత్త బ్యాటరీ దరిద్రం అనుకుంటారు. తిరగేసి చూస్తే, త్రాటిల్ శుభ్రం చేశాక పాత లెక్క అలాగే ఉండిపోతే చుట్లు 1500కి ఎగబాకుతాయి. అప్పుడు కడిగి పాడుచేశాడని మేస్త్రీని తిడతారు. ఈసీయూలోని అంకెలు చదివే స్కానరుతో కొత్త సున్నా నేర్పితే, కొన్ని బండ్లలో కొంతసేపు స్లోలో ఉంచితే అది సర్దుకుంటుంది.

ఇంకో కారు. జయపురం సంతరోజున బజారులో అరగంట స్లోలో నిలబడింది, టక్కున ఆగింది. వణుకు లేదు, దగ్గు లేదు. సెల్ఫ్ గిరగిరా తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. టీ తాగి వచ్చేసరికి స్టార్టయింది. ఇక్కడ అడగాల్సింది సెల్ఫ్ కొడుతున్నప్పుడు చుట్ల ముల్లు కదిలిందా అని. చాలా కార్లలో ఆ ముల్లుకి కబురు క్రాంక్ సెన్సార్ నుంచే వస్తుంది. ఇంజిన్ తిరుగుతున్నా ముల్లు సున్నా మీదే ఉంటే అనుమానం బలపడుతుంది, ఎందుకంటే ఆ సెన్సార్ కబురు లేకపోతే ఈసీయూ స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ చిమ్మదు. ముల్లు కదిలి, స్పార్కూ ఉండి, కీ తిప్పగానే వెనక సీటు కింద వినబడాల్సిన రెండు సెకన్ల జుయ్యిమనే శబ్దం లేకపోతే పంపు వైపు చూడాలి. ఆ పంపుని చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే కాబట్టి, ఎప్పుడూ రిజర్వులోనే నడిపేవాళ్ల బండిలో పంపు ముందుగా అలసిపోతుంది. కాయిల్ పోతే ఇంత శుభ్రంగా ఆగదు. ఒక్కో సిలిండరుకి ఒక్కో కాయిల్ ఉన్న బండి ముందు మూడు కాళ్ల మీద కుంటుతుంది.

అన్ని దృష్టాంతాలూ ఇంత తేటగా ఉండవు. కూలెంట్ వేడి చెప్పే సెన్సార్ అబద్ధమాడితే, నిజానికి 90 డిగ్రీలున్న ఇంజిన్‌ని ఈసీయూ 30 అనుకుని పెట్రోలు గుమ్మరిస్తుంది. బండి పెట్రోలు కంపు కొడుతుంది, ప్లగ్గులు మసిబారతాయి, ఆగాక యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే అందుకుంటుంది. సాధారణంగా ఆ సెన్సార్ నిరోధం 20 డిగ్రీల దగ్గర రెండు వేల ఓమ్‌ల పైన ఉంటుంది, 80 దగ్గర మూడు వందలకు అటూ ఇటూ పడిపోతుంది. మీటరు పెడితే ఐదు నిమిషాల పని.

## స్కానరులో కనబడే ఆ శాతం ఏమిటి

పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ చూసి ఈసీయూ పెట్రోలుని ఎంత పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో స్కానరులో శాతంగా కనబడుతుంది. దాన్ని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. సున్నాకి అటూ ఇటూ 5 లోపు ఉంటే బాగున్నట్టు. ప్లస్ 25 అంటే తన లెక్క కన్నా పావువంతు ఎక్కువ పోయాల్సి వస్తోందని.

లెక్క వేసి చూద్దాం. మన 1.2 ఇంజిన్ స్లోలో సెకనుకి 2 గ్రాముల గాలి తీసుకుంటోందనుకోండి. గాలి కొలిచే మాఫ్ సెన్సార్ దాటాక గొట్టం చిట్లి, అందులో 0.4 గ్రాములు దొంగదారిన వస్తున్నాయి. ఈసీయూకి లెక్క తెలిసింది 1.6 గ్రాములే. దానికి సరిపడా పెట్రోలు పోస్తే మిశ్రమం పల్చనవుతుంది, కాబట్టి 25 శాతం కలపాలి. అదే 2500 చుట్ల దగ్గర ఇంజిన్ 8 గ్రాములు తీసుకుంటోంది, దొంగగాలి మాత్రం అదే 0.4. తెలిసింది 7.6, దిద్దుబాటు 5 శాతం చాలు. స్లోలో 25, రేస్ ఇస్తే 5 అంటే గాలి లీకు. రేస్ ఇచ్చే కొద్దీ పెరిగితే పెట్రోలు అందడం లేదు. స్లోలో మైనస్ చూపిస్తే ఎక్కడి నుంచో అదనపు పెట్రోలు వస్తోంది, పర్జ్ వాల్వు గుర్తు చేసుకోండి.

అయితే ఈ పాఠం అన్ని కార్లకీ వర్తించదు. మన దగ్గర తిరిగే చాలా చిన్న కార్లలో మాఫ్ ఉండదు, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డులోని ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సార్ ఉంటుంది. లీకైన గాలి కూడా ఆ ఒత్తిడిలో భాగమే కాబట్టి దాన్నీ లెక్కలో కలిపేసుకుంటుంది. అప్పుడు ట్రిమ్ మామూలుగానే ఉంటుంది, చుట్లు పెరుగుతాయి, స్లో ఊగుతుంది. అలాంటి కారు ఆగిపోతోందంటే, నా ఉద్దేశంలో, గాలి లీకు కన్నా మూసుకుపోయిన దారిని ముందు అనుమానించడం మేలు.

## ఈ20 పెట్రోలుని ఎంతవరకు తప్పుపట్టొచ్చు

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025 నాటికి దేశమంతా మామూలైంది. ముందు 2030కి అనుకున్న లక్ష్యం ఐదేళ్లు ముందే వచ్చేసింది. వాహనదారుల వాదన, తమ పాత బండ్లు దీనికోసం తయారైనవి కావని. ప్రభుత్వం వాదన, మైలేజీ కొద్దిగా తగ్గొచ్చు గానీ ఇంజిన్లకు హాని లేదని.

ఆగిపోయే రోగం వరకే చూస్తే, ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. పది శాతం కలిపిన పెట్రోలుకి తగ్గట్టు సెట్ చేసిన కారు ఇరవైకి మారితే ఈసీయూ దాదాపు 4, 5 శాతం ఎక్కువ పోస్తే సరిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కారుకి ఇది లెక్కలోకి రాదు. కానీ గాలి లీకుతో ఇప్పటికే ప్లస్ 20 దగ్గర నెట్టుకొస్తున్న కారు ఉందనుకోండి. ఆ ఐదూ కలిసి 25కి చేరుతుంది. చాలా ఈసీయూలకి హద్దు అక్కడికి దగ్గర్లోనే. పెట్రోలు మారాకే ఆగడం మొదలైందన్న యజమాని మాట అబద్ధం కాదు, లీకు ఉందన్న మేస్త్రీ మాటా అబద్ధం కాదు.

2000కి ముందరి కార్బురేటర్ బండ్ల సంగతి వేరు. దిద్దుబాటు చేసే దిక్కు లేదు కాబట్టి మిశ్రమం పల్చనగానే ఉండిపోతుంది. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. ఘాట్ ఎక్కి నిలబడ్డ ఇంజిన్ వేడికి కార్బురేటరు గిన్నెలో పెట్రోలు బుడగలెత్తడం, పాత రబ్బరు పైపులు మెత్తబడడం నిజమైన సమస్యలే. ట్యాంకులో నీళ్లు చేరి ఇథనాల్ విడిపోయిందన్న అనుమానం వానాకాలంలో బాగా వినబడుతుంది. అది జరిగితే బండి పొద్దున్న చల్లగా ఉన్నప్పుడే మొరాయిస్తుంది, వేడెక్కేదాకా ఆగదు.

## ఎత్తు సంగతి

కొరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి విశాఖ తీరం కన్నా పదో వంతు తక్కువ. ఇంజెక్షన్ కార్లలో ఈసీయూ దీన్ని కొలిచి ప్లేటు ఇంకాస్త తెరుస్తుంది, అంతటితో సరి. విజయనగరంలో సెట్ చేసిన కార్బురేటరు ఇక్కడ సుమారు 5 శాతం ఎక్కువ పెట్రోలు ఇస్తుంది. ఒక పాత బండిని ఆపడానికి ఇది ఒక్కటే చాలదు.

## స్కానరా, చేతి పనితనమా

సాలూరు లారీల ఊరు. అక్కడ పని నేర్చిన పాతకాలం మేస్త్రీలు ముందు త్రాటిల్ కడుగుదాం అంటారు. ఖర్చు తక్కువ, చాలాసార్లు రోగం అక్కడే పోతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్లో ముందు స్కానరు పెడతారు. తప్పు కనబడితే ఈసీయూ దాచుకునే గుర్తుని కోడ్ అంటారు. కార్బన్‌కి కోడ్ ఉండదు. వేడికి పోయి చల్లారాక బాగయ్యే క్రాంక్ సెన్సార్ పీ0335 చూపించాలి గానీ, ఒక్కోసారి ఏమీ చూపించదు. కోడ్ లేదు, తప్పు లేదు అని కారు తిప్పి పంపేస్తే అది స్కానరు తప్పు కాదు, చదివినవాడి తప్పు. అటు చేతి పనితనానికీ ఒక లోపముంది. బ్యాటరీ తీగ విప్పి, కడిగి, మళ్లీ పెడితే దాచుకున్న కోడ్లు, ట్రిమ్ లెక్కలు, ఆగిన క్షణాన ఈసీయూ రాసిపెట్టుకున్న వివరాలు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. రెంచి పట్టకముందు ఐదు నిమిషాలు ఆ అంకెలు చూడ్డమే నా ఓటు. ఆ తర్వాత ఎలాగూ కడగొచ్చు.

## డీజిల్ అయితే కథ వేరు

కామన్‌రైల్ డీజిల్‌కి స్పార్కు లేదు, త్రాటిల్ పాత్ర తక్కువ. అక్కడ వేడి చేసే పని డీజిల్‌ని పల్చన చేయడం. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ దాన్ని పంచే గొట్టాన్ని రైలు అంటారు, స్లోలో అందులో 250, 300 బార్ ఒత్తిడి ఉండాలి. ఇంజెక్టరు అరిగితే ఆ డీజిల్ ట్యాంకుకి తిరిగిపోయే గొట్టంలోకి జారిపోతుంది. పల్చబడ్డ డీజిల్ ఇంకా ఎక్కువ జారుతుంది. ఒత్తిడి నిలవక ఇంజిన్ ఆగుతుంది, వేడి మీద మళ్లీ అందుకోదు, చల్లారితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. లక్షణం అచ్చం క్రాంక్ సెన్సార్‌ది, అందుకే జనం సెన్సార్లు మార్చి డబ్బు పోగొట్టుకుంటారు. తేల్చే పద్ధతి చాలా సాదా. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలకి నాలుగు సీసాలు తగిలించి, వేడి ఇంజిన్‌ని కాసేపు స్లోలో ఉంచుతారు. మూడింటిలో 20 మిల్లీలీటర్లు చేరి, ఒకదాంట్లో 70 చేరితే దొంగ దొరికినట్టే.

## ఘాట్ దిగేటప్పుడు

కొరాపుట్ నుంచి సాలూరు దిగుతూ పెట్రోలు ఆదా అని న్యూట్రల్ వేసేవాళ్లున్నారు. గేరులో దిగితే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి, ఈసీయూ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్లో అయితే స్లో నిలబెట్టడానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. అంటే ఆదా అనుకున్నది తిరగబడింది. మన రోగమున్న కారు అలా న్యూట్రల్లో ఆగితే బ్రేకుకి బలమిచ్చే వాక్యూమ్ రెండు మూడు తొక్కులకి ఖాళీ అవుతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. గేరులో దిగిన కారు కూడా ఘాట్ చివర క్లచ్ తొక్కగానే ఆగొచ్చు. ఆపేసిన పెట్రోలుని మళ్లీ మొదలుపెట్టి, జారుతున్న చుట్లను 750 దగ్గర పట్టుకోవాల్సిన క్షణం అది. ప్లేటు అంచున మురికి ఉంటే పట్టు తప్పుతుంది. పైకి వెళ్లేటప్పుడు ఏమీ లేదు, కిందికి దిగాకే ఆగుతోంది అని చెప్పే బండిలో నేనైతే మొదట విప్పి చూసేది ఆ గాలి గొట్టాన్నే.